బడిలో పండగ అందరిదీ కావాలంటే: ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని చేసే టీచర్ని నేను. జనవరిలో ముగ్గుల పోటీ మొదలుకొని డిసెంబరులో క్రిస్మస్ స్టార్ కట్టేదాకా, బడిలో ఏ పండగ దగ్గరపడినా టీచర్లూ తల్లిదండ్రులూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఎవరికి వారికి విడిగా చెప్పే బదులు అందరికీ పనికొస్తాయని ఒకచోట రాసి పెడుతున్నాను.

మా బడిలో అలాంటి పిల్లలు ఇద్దరే ఉన్నారు. ఇద్దరి కోసం ప్రోగ్రాం మొత్తం మార్చాలా?

మొత్తం మార్చక్కర్లేదు. వాళ్ల గురించి కాస్త ముందుగా ఆలోచిస్తే చాలు.

చాలా బళ్లలో జరిగేది ఇది. స్టాఫ్ రూంలో కూర్చుని లిస్టు రాస్తారు: ప్రార్థన, స్వాగత గీతం, నాలుగు డాన్సులు, ఒక నాటిక, బహుమతులు. డ్రెస్సులకు డబ్బులు వసూలు చేస్తారు, రిహార్సల్స్ మొదలవుతాయి. ఇంకో రెండు రోజుల్లో ప్రోగ్రాం ఉందనగా ఎవరికో గుర్తొస్తుంది, "అవునూ, వీల్‌చైర్ పాపని ఏం చేద్దాం?" అని. "ముందు వరసలో కూర్చోబెడదాం, చప్పట్లు కొడుతుంది" అంటారు. చెడు ఉద్దేశంతో అనరు. కానీ ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ పాపకి పండగంటే చప్పట్లు కొట్టడమే అయిపోతుంది.

అదే, లిస్టు రాయబోయే ముందు కాగితం పైన ఆ ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోండి. ఏ పాటకి ఏ డాన్స్, స్టేజీ ఎక్కడ, సౌండ్ బాక్సులు ఎటువైపు అన్న ప్రతి నిర్ణయం దగ్గరా ఆ పేర్లు కనిపిస్తాయి. అప్పుడు డాన్స్ వేరేలా కట్టాలని తోస్తుంది, స్టేజీ వేరేచోట వేయాలని తోస్తుంది. ఖర్చు కూడా పెద్దగా పెరగదు. అన్నీ అయిపోయాక మార్చబోతేనే ఖర్చూ, విసుగూ.

ఇంకో మాట. ఇద్దరే ఉన్నారని మీరు అనుకుంటున్నారు. వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో కంటికి కనిపించనివి చాలా ఉన్నాయి: ఆటిజం (నలుగురితో కలవడం, మార్పుల్ని తట్టుకోవడం కష్టమయ్యే స్థితి), చదవడం రాయడంలో ఇబ్బంది పడే లెర్నింగ్ డిజెబిలిటీ, రక్తానికి సంబంధించిన హిమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్. మైకు శబ్దానికి గోడ వెనక్కి వెళ్లి నిలబడే పిల్లాడు, పేపర్లో రాసిచ్చిన డైలాగులు చదవలేక "నాకు నాటిక వద్దు టీచర్" అనే అమ్మాయి కూడా మీ లెక్కలో లేని పిల్లలు కావచ్చు.

ఇది మా మంచితనం మీద ఆధారపడిన విషయమా, లేక చట్టంలో ఏమైనా ఉందా?

ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నీ ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలనీ, చదువుతో పాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో తోటివారితో సమానంగా అవకాశం ఇవ్వాలనీ 16వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ప్రైవేటు బడికైనా ఇది వర్తిస్తుంది. ఒక్కో బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని కూడా అందులోనే ఉంది. బడి మోయలేనంత భారం పడే మార్పులు చట్టం అడగదు. స్టేజీ దింపడం, సౌండ్ తగ్గించడం మోయలేని భారాలు కావు కదా.

సదరం సర్టిఫికెట్ లేదు. అయినా ఈ ఏర్పాట్లు అడగొచ్చా?

అడగొచ్చు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ప్రభుత్వం తరఫున ఇచ్చే సర్టిఫికెట్. కనీసం 40 శాతం ఉండాలన్న లెక్క రిజర్వేషన్ల వంటి వాటికి. బిడ్డని డాన్సులో కలుపుకోవడానికి ఏ శాతమూ అక్కర్లేదు.

మా తరగతిలో ఆటిజం ఉన్న బాబు మైకు పెట్టగానే చెవులు మూసుకుని పరిగెత్తిపోతాడు. వాడికి పండగలే ఇష్టం లేవేమో?

పండగ ఇష్టమే అయ్యుంటుంది, పడనిది ఆ శబ్దం. మనకి మామూలుగా వినిపించే మైకు కీచుమనడం కొంతమంది పిల్లలకి చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది. దానికి తోడు ఆ రోజు బెల్లు ఉండదు, పీరియడ్లు ఉండవు, టీచర్లు కొత్త చీరల్లో వేరేలా కనిపిస్తారు, కూర్చునే చోటు మారిపోతుంది. రోజూ ఒకే పద్ధతి ఉంటేనే నిబ్బరంగా ఉండే పిల్లాడికి ఇది కాళ్లకింద నేల కదిలినట్టే.

నేను పని చేసిన ఒక బడిలో సంక్రాంతి సంబరాలకి గంగిరెద్దుని తీసుకొచ్చారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకునేసరికి రెండో తరగతి బాబు ఒకడు సైకిల్ స్టాండు వెనక్కి వెళ్లి ముడుచుకుని కూర్చున్నాడు. వాడిని బతిమాలి, ఎత్తుకుని మళ్లీ ఆ శబ్దం మధ్యలోకి తీసుకొచ్చింది నేనే. వాడు నా చెయ్యి కొరికాడు. తప్పు నాదని తెలియడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

మరుసటి ఏడాది వారం ముందే మొదలుపెట్టాం. నాలుగు బొమ్మలు గీసి ఒక కాగితానికి అంటించాం: ప్రార్థన, గంగిరెద్దు, ముగ్గులు, ఇంటికి. రోజూ ఒకసారి ఆ కాగితం చూపించి చెప్పాం. ఫోన్లో సన్నాయి పాటని చాలా చిన్న శబ్దంతో వినిపించి రోజుకి కొంచెం పెంచాం. ఆ రోజు గంగిరెద్దు అతన్ని అరగంట ముందే రమ్మన్నాం, వాయిద్యాలు లేకుండా. బాబు ఒక్కడే దగ్గరికి వెళ్లి ఎద్దు మీద కప్పిన రంగురంగుల బొంతకి కుట్టిన అద్దాల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. సన్నాయి మొదలయ్యేసరికి చెవులకి శబ్దం తగ్గించే ఇయర్ మఫ్స్ పెట్టుకుని, వరండాలో తను ఎంచుకున్న స్తంభం పక్కన నిలబడి చివరిదాకా చూశాడు.

ఈ పనులన్నీ ఎవరైనా చేయగలిగినవే. సౌండ్ బాక్సులు పిల్లల ముఖాల మీదికి కాకుండా బయటివైపు తిప్పండి. మైకు టెస్టింగ్ పిల్లలు రాకముందే చేయండి. ఒక తరగతి గదిని నిశ్శబ్దంగా ఉంచి, అలసిన బిడ్డ ఎవరైనా అక్కడికి వెళ్లి కూర్చోవచ్చని ముందే చెప్పండి. ఇదొక్కటి మరవకండి: ఆ గది శిక్ష వేసే గదిలా ఉండకూడదు. ఒక చాప, కొన్ని బొమ్మలు, తెలిసిన ఆయమ్మ ఒకరు ఉంటే చాలు. కొత్త డ్రెస్సు గుచ్చుకుంటుందంటే యూనిఫాంలోనే రానివ్వండి, పండగ దానివల్ల తగ్గదు.

స్టేజీకి ర్యాంపు కట్టించాలంటే ఎంత పొడవు కావాలి?

1:12 అన్న లెక్క గుర్తుపెట్టుకోండి. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. రెండడుగుల స్టేజీ అయితే ఇరవై నాలుగు అడుగులు. షామియానా వాళ్లు రెండు చెక్కలు నిలువుగా ఆనించి "ర్యాంపు వేశాం సార్" అంటుంటారు. అది జారుడుబల్ల. దాని మీద వీల్‌చైర్ ఎక్కిస్తే వెనక్కి దొర్లిపోతుంది, తోసే మనిషి కూడా పడతాడు.

అంత చోటు లేదా? స్టేజీనే మానేయండి. నేల మీద సున్నంతో పెద్ద చదరం గీసి, చూసేవాళ్లని మూడు వైపులా కూర్చోబెట్టండి. ముందు చాపలు, వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. పాత రోజుల్లో వీధి నాటకాలు ఆడింది అలాగే.

బిడ్డని చేతుల్లో ఎత్తుకుని స్టేజీ ఎక్కించడం మాత్రం వద్దు. చిన్నపిల్లలప్పుడు సరే, ఎనిమిదో తరగతి అమ్మాయిని ఇద్దరు మగ టీచర్లు ఎత్తుకుని అందరి ముందూ పైకి తీసుకెళ్తే ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి. బహుమతి ఇచ్చేవాళ్లే దిగి రావచ్చు.

టాయిలెట్ సంగతి కూడా ముందే చూసుకోండి. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ తాళం వేసి, తాళంచెవి దొరక్క, పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చున్న పిల్లల్ని నేను చూశాను.

వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయి బతుకమ్మ ఎలా ఆడుతుంది?

నిజానికి బడిలో చేసే కార్యక్రమాలన్నిటిలో అందరినీ కలుపుకోవడానికి బతుకమ్మంత వీలైనది ఇంకోటి లేదని నా నమ్మకం. వలయంలో ముందు వరస లేదు, వెనక వరస లేదు. అందరికీ అందరి ముఖాలూ కనిపిస్తాయి. వినపడని అమ్మాయికి ఎదుటివాళ్లని చూస్తే అడుగు తెలుస్తుంది. చూపు లేని అమ్మాయికి పాట, పక్కవాళ్ల చప్పట్లు దారి చూపిస్తాయి.

వీల్‌చైర్‌తో ఒక చిక్కు ఉంది. చక్రం తిప్పడానికీ చప్పట్లు కొట్టడానికీ అవే చేతులు కావాలి. మేం చేసింది చెప్తాను. ఆటనే మార్చాం. రెండు చప్పట్లు కొట్టేటప్పుడు అందరూ నిలబడి కొట్టాలి, మూడో లెక్కకి అందరూ ఒక్క అడుగు కదలాలి. ఆ మూడో లెక్కకి అమ్మాయి చక్రాన్ని ఒక్క తోపు తోస్తుంది. "ఉయ్యాలో" అన్నచోట చప్పట్లు, తర్వాత తోపు. పది నిమిషాల రిహార్సల్‌తో అందరికీ పట్టుబడింది, చూసేవాళ్లకి అదే కొత్త అడుగులా అనిపించింది. చేతుల్లో బలం లేని అమ్మాయి అయితే స్నేహితురాలు తోయొచ్చు, కానీ కుర్చీ మీద చెయ్యి వేసేముందు ఆ అమ్మాయిని అడగాలి. కుర్చీ ఆమె ఒంటితో సమానం.

ఇసుకలో, తడి మట్టిలో చక్రాలు దిగబడిపోతాయి. గట్టి నేల ఉన్నచోట ఆడించండి. బతుకమ్మల్ని పీట మీద కాకుండా కొంచెం ఎత్తు బల్ల మీద పెడితే కూర్చున్నవాళ్లకీ కనిపిస్తాయి. పేర్చేటప్పుడు కూడా తాంబాళాన్ని బల్ల మీద పెట్టండి. నేల మీద కూర్చోలేని పిల్లలు తంగేడు, గునుగు, బంతి వరసలు చక్కగా పేరుస్తారు. వేళ్లకి సరిగా పట్టు దొరకని పిల్లలకి గునుగు కాడల కట్ట కట్టి ఇస్తే సులువు.

కోలాటానికీ ఇదే పద్ధతి.

చూపు లేని పిల్లలకి ముగ్గుల పోటీలో ఏం చోటుంటుంది?

చోటు చేస్తే ఉంటుంది. గట్టి అట్ట మీద చుక్కలకి బదులు చింతగింజలు అంటించండి. పురికొసని జిగురులో ముంచి గింజల చుట్టూ తిప్పుతూ అతికించమనండి. ఆ బిడ్డ గింజల్ని వేళ్లతో లెక్కపెడుతుంది, కొసని తిప్పుతుంది, తప్పు పోతే తడిమి తెలుసుకుని వెనక్కి తీస్తుంది. మొదటిసారి ఏడు చుక్కల ముగ్గు పూర్తి చేసిన పాప ఒకతి, మా అమ్మ రోజూ వాకిట్లో వేసేది ఇదేనా అని అడిగింది. పన్నెండేళ్లుగా ఆ వాకిలి దాటి బడికొస్తున్న పిల్ల. ఆ తర్వాత మా బడిలో కళ్లున్న పిల్లలు కూడా చింతగింజల ముగ్గు కావాలని అడిగారు.

వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేయించడం కూడా ఇలాంటిదే, మట్టి పని చేతివేళ్లది. పత్రిని వాసనతో, స్పర్శతో గుర్తుపట్టే ఆట కూడా పెట్టొచ్చు. మరువం, తులసి, మారేడు, మామిడి, గరిక తీసుకోండి. 21 పత్రిలో ఉన్నా సరే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం ఆటలోకి తేవద్దు. మొదటి రెండూ విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉగాదికి పచ్చడి పంచేటప్పుడు, కలిపేముందు వేపపువ్వు, బెల్లం, మామిడి ముక్క, చింతపండు విడివిడిగా చేతికివ్వండి.

ప్రోగ్రాం నడుస్తుంటే పక్కన ఒక తోటి విద్యార్థి కూర్చుని చెవిలో చెప్పాలి, "ఇప్పుడు ఐదుగురు వచ్చారు, ఎర్ర లంగాలు, మధ్యలో ఉన్నది మన స్వాతి వాళ్ల అక్క" అని. ఈ పని బాగా చేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, మామూలుగా క్లాసులో మాట్లాడుతున్నారని తిట్లు తినేది వాళ్లే.

వినపడని పిల్లలకి పాటలు, డాన్సులు అర్థం అవుతాయా?

లయ అర్థమవుతుంది. చెక్క బల్ల మీద నిలబడితే డప్పు దెబ్బ పాదాలకి తెలుస్తుంది. ఛాతీకి తగులుతుంది. డాన్స్ మాస్టారు వాళ్లకి ఎదురుగా, ప్రేక్షకుల వెనక నిలబడి చేత్తో లెక్క చూపిస్తే సరిపోతుంది.

ఇబ్బంది పాటలతో కన్నా ఉపన్యాసాలతో ఎక్కువ. ముఖ్య అతిథి అరగంట మాట్లాడతాడు, వాళ్లకి ఒక్క ముక్క అందదు. సంకేత భాష తెలిసినవాళ్లు ఉంటే మైకు పక్కనే, వెలుతురులో నిలబెట్టండి. ఎవరూ లేకపోతే ముఖ్యమైన మాటలు ముందే బోర్డు మీద రాయండి. మైకుని మూతికి అడ్డంగా పట్టుకోవద్దని అతిథికి చెప్పండి, పెదాల కదలిక చూసి అర్థం చేసుకునే పిల్లలుంటారు. జాతీయ గీతాన్ని సంకేత భాషలో చూపే వీడియోని కేంద్ర ప్రభుత్వం 2017లో విడుదల చేసింది. ఆగస్టు 15కి నెల ముందు మొదలుపెడితే బడి మొత్తం నేర్చుకోవచ్చు. వినపడని పిల్లలు ముందు నిలబడి మిగతావాళ్లకి నేర్పితే ఇంకా బాగుంటుంది.

హోలీ రోజు జాగ్రత్త. వినికిడి యంత్రం, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే పరికరం) బయటి భాగం నీళ్లలో, రంగుల్లో తడిస్తే పాడవుతాయి. తీసి డబ్బాలో పెట్టాలి. తీశాక ఆ బిడ్డకి సరిగా వినపడదన్న సంగతి ఆడుకునే పిల్లలందరికీ తెలియాలి, వెనకనుంచి వెళ్లి రంగు పోస్తే భయపడిపోతారు.

జాతీయ గీతం అప్పుడు లేవలేని, కదలకుండా ఉండలేని పిల్లల మాటేమిటి?

సినిమా హాళ్లలో జాతీయ గీతం గురించి చర్చ నడిచిన రోజుల్లో, 2017 జనవరిలో, కేంద్ర హోం శాఖ ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు తమ శరీరం సహకరించినంత మేరకు శ్రద్ధగా ఉంటే చాలు. మానసిక వికాసంలో వెనకబడినవాళ్లు మధ్యలో కదిలినా, శబ్దం చేసినా చుట్టూ ఉన్నవాళ్లు అర్థం చేసుకోవాలి. బడికీ ఇదే న్యాయం. అలాంటి బిడ్డని వరస మధ్యలో కాకుండా, తెలిసిన టీచర్ పక్కన అంచున నిలబెట్టండి.

నాటికలో ఏ వేషం ఇవ్వాలి?

వాళ్లనే అడగండి. చూపు లేని అబ్బాయికి ఏటా ధృతరాష్ట్రుడి వేషమే ఇచ్చే బడి ఒకటి నాకు తెలుసు. అలాంటివాళ్లకి అష్టావక్రుడో మంథరో అయితే సరిపోతుందని అనుకోవడం మన అలవాటు. ఆ అబ్బాయిని ఒక ఏడాది అడిగితే వెంటనే చెప్పాడు, "నాకు భీముడు కావాలి టీచర్. గద కావాలి." స్టేజీ అంచు తెలియడానికి ముందువైపు కొబ్బరిపీచు పట్ట పరిచాం. కాలికి పీచు తగలగానే ఆగిపోవాలి, అంతే ఏర్పాటు. గద ఎత్తి డైలాగు చెప్పేటప్పుడు వాడి గొంతుకి మైకే అవసరం రాలేదు.

మాట రాని పిల్లలకి డైలాగుని ముందే రికార్డు చేసి, బటన్ నొక్కే పని వాళ్లకే ఇవ్వండి. నాటికలో సమయానికి గంట మోగించడం, తెర లాగడం కూడా నిజమైన పనులే. అయితే చెట్టు వేషం, రాయి వేషం ఇచ్చి అరగంట కదలకుండా నిలబెట్టి "పాల్గొన్నాడు" అని రాసుకోవద్దు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మన నాటికల్లో నవ్వించడానికి ఒక నత్తివాడో, కుంటివాడో, చెవిటి ముసలాయనో ఉండి తీరతారు. అదే హాల్లో నత్తి ఉన్న పిల్లాడు కూర్చుని ఉంటాడు. మర్నాటి నుంచి క్లాసులో వాడి పేరు ఆ పాత్ర పేరే. స్క్రిప్టు చూసే రోజే ఆ పాత్రని తీసేయండి. నలుగురిలో ఒక వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడేలా వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ కూడా ఉంది.

మైకులో ఏమని పిలవాలి? దివ్యాంగులనా, వికలాంగులనా?

పేరు పెట్టి పిలవండి. "ఏడో తరగతి నుంచి ఫలానా" అంటే చాలు, మిగతా పిల్లలకి ఎలా చెబుతారో అలాగే.

మిఠాయిలు, ప్రసాదం పంచేటప్పుడు ఏం చూసుకోవాలి?

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న కొంతమంది పిల్లలకి నమలడం, మింగడం కష్టం. పులిహోరలో పల్లీలు, శనగపప్పు, గట్టి చాక్లెట్, రేగుపండు గింజ గొంతుకి అడ్డం పడొచ్చు. పలచటి పాయసం అయితే సులువనుకుంటాం గానీ, మింగే ఇబ్బంది ఉన్నవాళ్లకి చాలాసార్లు పలచటిదే పొరబోతుంది, చిక్కటిదే నయం. ఏది పెట్టొచ్చో తల్లిని అడిగి రాసుకోండి. పెట్టేటప్పుడు బిడ్డ నిటారుగా కూర్చుని ఉండాలి, తల వెనక్కి వాల్చి నోట్లో పోయకూడదు. వీలైతే ఆ బిడ్డ తినగలిగేదే అందరికీ చేయించండి. మెత్తటి కేసరి చేస్తే వద్దనే పిల్లలెవరూ ఉండరు.

ఫిట్స్ వచ్చే పిల్లలున్నారు. డీజే లైట్లు పెట్టొచ్చా?

టపటపా వెలిగి ఆరే లైట్లు వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లందరికీ అలాంటి వెలుగుతో ఫిట్స్ రావు, కొద్దిమందికే వస్తాయి. కానీ ఆ కొద్దిమందిలో మీ బిడ్డ ఉన్నాడో లేదో స్టేజీ ముందు తేల్చుకోలేం. లైట్ల కన్నా ఎక్కువగా నేను భయపడేది వేరే వాటికి: రాత్రి రిహార్సల్‌తో నిద్ర చాలకపోవడం, పొద్దున హడావిడిలో మాత్ర మర్చిపోవడం, మధ్యాహ్నం రెండింటి దాకా ఏమీ తినకపోవడం. పండగ రోజు "మాత్ర వేసుకున్నావా?" అని అడిగే టీచర్ ఒకరు ఉండాలి.

ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తలకింద మెత్తటిది పెట్టండి, టైం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా కుక్కడం ఏవీ చేయొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

టపాసుల విషయానికి వస్తే, బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. దీపావళిని బడిలో మట్టి ప్రమిదలకి రంగులు వేయించి జరుపుకోవచ్చు. బెలూన్ల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోని స్థితి) ఉన్న పిల్లల్లో చాలామందికి రబ్బరు పాలతో చేసిన వస్తువులు పడవు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు కూడా. బెలూన్ పేలితే ఉలిక్కిపడే పిల్లలు సరేసరి. మామిడి తోరణాలు, కాగితం గొలుసులు కట్టండి.

పోటీల్లో వాళ్లకి ప్రత్యేక బహుమతి ఇవ్వాలా?

పాల్గొన్నందుకు అందరికీ ఇస్తే వాళ్లకీ ఇవ్వండి. ఏమీ చేయించకుండా పిలిచి చేతిలో టిఫిన్ బాక్స్ పెట్టడం వద్దు. పోటీకి టైం పెంచి, పద్ధతి మార్చి, నిజంగా గెలిచే వీలు కల్పించండి. ఓడిపోయినా ఫర్వాలేదు. ఓడిపోయి ఏడ్చిన పిల్లాడు పోటీలో ఉన్నట్టే లెక్క.

"ఆ రోజు రష్‌గా ఉంటుంది, బాబుని పంపకండమ్మా" అని బడి నుంచి ఫోన్ వచ్చింది. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగే తల్లుల గొంతులో కోపం కూడా ఉండదు, అలసట ఉంటుంది. ఆ మాట అనే హక్కు బడికి లేదమ్మా. పంపండి.

ముందు మాత్రం హెడ్మాస్టర్ గారిని కలిసి ఒక కాగితం ఇవ్వండి. అందులో ఫిర్యాదు రాయకండి, బాబు గురించి రాయండి: ఏ శబ్దం పడదు, ఏం తింటాడు, అలసిపోతే ఏం చేస్తాడు, దేనితో ఊరుకుంటాడు. చాలాసార్లు ఏం చేయాలో తెలియని భయంతోనే టీచర్లు అలా అంటారు. కాగితం చేతికి వచ్చాక సగం బళ్లు మెత్తబడతాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి సహిత విద్య టీచర్‌తో (ఈ పిల్లల చదువు చూసే టీచర్) బడివాళ్లతో మాట్లాడించండి. అప్పటికీ వినకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది. ఏది ఇచ్చినా నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

టీచర్లకి నా మాట: బిడ్డతో పాటు తల్లిని రోజంతా ఉండమనకండి. మిగతా తల్లుల్లాగే ఆమె కూడా కుర్చీలో కూర్చుని బిడ్డ డాన్స్ చూడాలి.

డిసెంబరు 3న ఎలాగూ వాళ్ల కోసం ప్రోగ్రాం చేస్తున్నాం కదా?

చేయండి. ఐక్యరాజ్యసమితి 1992లో ఆ రోజుని అంతర్జాతీయ వికలాంగుల దినంగా ప్రకటించింది, ఆటల పోటీలకి పిల్లలు ఏడాదంతా ఎదురు చూస్తారు. కానీ డిసెంబరు 3న పరుగు పందెంలో పాల్గొన్న పిల్లాడు జనవరి 26న గేటు పక్కన కూర్చుంటే వాడికి ఒక సంగతి అర్థమవుతుంది, ఏ రోజు తనది, ఏ రోజు తనది కాదు అని. ఆ రోజు బయటికి తీసిన ర్యాంపు, సర్దిన నిశ్శబ్ద గది సంక్రాంతికీ ఉంచండి.

ఫోటోలు తీసి గ్రూపులో పెట్టొచ్చా?

తల్లిదండ్రుల్ని అడిగి. పెద్ద పిల్లలైతే వాళ్లని కూడా అడిగి. అతిథి బిడ్డ తల నిమురుతున్న ఫోటోకి బదులు, వలయంలో అందరితో కలిసి ఆడుతున్న ఫోటో పెట్టండి.

బడికే రాలేని పిల్లలున్నారు. వాళ్లకి పండగ ఎలా?

తీవ్రమైన, ఒకటికి మించిన వైకల్యాలున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. హాజరు పట్టీలో పేరుంటుంది, తరగతిలో ఎవరూ ముఖం చూసి ఉండరు. పండగ వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

భోగి ముందు రోజు ఐదారుగురు పిల్లల్ని తీసుకుని వెళ్లండి, యాభై మందిని కాదు. ఐదేళ్లు దాటినా సరే ఆ పాపకి భోగిపళ్లు పోయండి. ఊరంతా చేసే ఆ ముచ్చట ఆ ఇంట్లో ఎన్నడూ జరిగి ఉండకపోవచ్చు. మంచం మీద పడుకున్న పాపకి రేగుపళ్లు గట్టిగా తగులుతాయి, నోట్లో పడితే ప్రమాదం. బంతిపూల రేకులు ఎక్కువ కలిపి, తల మీద కాకుండా భుజాల మీదుగా జారవిడవండి. డోలు వద్దు, పాట ఒకటి మెల్లగా పాడితే చాలు. వెళ్లిన పిల్లలు "ఏమైంది పాపకి?" అని తల్లి ముందు అడగకుండా దారిలోనే మీరు చెప్పండి. బడిలో జరిగిన ప్రోగ్రాంలో పంచినదే ఆ పాపకీ తీసుకెళ్లండి. ముందు రోజే ఆ తల్లికి ఫోన్ చేసి, పాప ఏ టైంకి మెలకువగా, హుషారుగా ఉంటుందో అడిగి ఆ టైంకే బయల్దేరండి.